ఉడుము తోలు వెడల్పు

ఉడుము మీద నాకెప్పుడూ జాలి లేదు. జాలి పడి ఉంటే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పెళ్ళయి మదరాసు శివారు మాధవరం వచ్చిన కొత్తలోనే మా ఆయన ఆదిమూలం నా చేతికి తోలు గీకే కత్తి ఇచ్చాడు. అప్పటినుంచీ ఉడుమంటే నాకు ముందొక తల, వెనకొక తోక, మధ్యలో బేరానికి వచ్చే భాగం. మా పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ తరాలుగా తోళ్ళ మీద బతికినవాళ్ళే. మా తాతల నాడు గుడికి బదులు చర్చికి పోవడం మొదలుపెట్టారు, నాకు లూర్దుమేరి అని పేరొచ్చింది, అంతే. చేతికంటిన వాసన మారలేదు.

నేను చెప్పేది ఆంధ్ర రాష్ట్రం వేరుపడి, మదరాసు ఎవరిదన్న గొడవ చల్లారిన మరుసటి ఏడు సంగతి. అప్పటికి మా ఆయన పోయి ఏడాది దాటింది. మాధవరం చివర, ఇళ్ళు అయిపోయి తుప్పలు మొదలయ్యే చోట, మాకు రెండు తాటాకు పందిళ్ళు ఉండేవి. ఒకదాంట్లో ఉప్పు బస్తాలు, ఇంకోదాంట్లో ఉప్పు పట్టించి ఆరేసిన తోళ్ళు. నేల అద్దెది. గట్టి గాలివాన వస్తే పందిరి మాది కాదు. ఆయన నాకు వదిలిపోయింది ఆ రెండు పందిళ్ళూ, తమ్ముడు దేవరాజులునూ.

దేవరాజులు నా మరిది. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి పాలపళ్ళు ఊడలేదు. ముద్ద కలిపి పెట్టింది నేనే, కత్తి పట్టడం నేర్పిందీ నేనే. ఇప్పుడు మీసం దువ్వుకుని సైకిలు మీద ఊళ్ళు తిరిగి సరుకు పట్టుకొస్తున్నాడు. సరుకు రకం చూడడం, ఉప్పు, ఎండ, బేరం నావి. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టేవాళ్ళం కాదు.

శ్రావణం చివర, అరవవాళ్ళ ఆవణి నెల మొదట్లో కోదండరాం గారు వచ్చాడు. మదరాసు తోళ్ళ బజారు పెరియమేట్లో ఏజెంటు ఆయన. మాలాంటి వాళ్ళ దగ్గర తోళ్ళు కొని సీమకు ఎగుమతి చేసే కంపెనీకి ఇస్తాడు. ఎప్పుడూ మనిషిని పంపేవాడు, ఆరోజు తనే జట్కాలో వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పందిట్లోకి వచ్చి, జేబులోంచి దర్జీవాళ్ళ టేపు తీశాడు.

"ఇంక తలల లెక్క లేదు మేరమ్మా. ఇంచీల లెక్క."

అప్పటిదాకా మాకు తోలుకింత అని రేటు. మరీ సన్నదైతే తీసుకునేవాళ్ళం కాదు, అంతే. ఆయన ఒక తోలును బల్ల మీద పరిచి, నడుమ పొట్ట దగ్గర ఈ అంచునుంచి ఆ అంచుకు టేపు లాగాడు.

"సీమలో దొరసానుల చేతిసంచి ఒకే తోలుతో రావాలంట. మధ్యలో అతుకు కనిపిస్తే వాళ్ళకు తలకొట్టేసినట్టంట. వెడల్పుంటేనే రేటు. పది ఇంచీలు దాటితే ఒకటో నంబరు. పన్నెండు దాటితే నువ్వడిగిందే రేటనుకో."

"దొరసాని సంచికి ఉడుమేం పాపం చేసిందయ్యా?" అని నవ్వాడు దేవరాజులు.

"పాపం సంగతి మీ పాదిరిని అడుక్కో. నాకు వెడల్పు చూపించు." ఆయన టేపు చుట్టి నా వైపు తిరిగాడు. "దీపావళిలోపల వెడల్పు తోళ్ళు ఆగకుండా ఇచ్చిన షెడ్డుకు కంపెనీ శాశ్వతంగా ఆర్డరిస్తుంది. ఏటా. ఇటుక గోడ, రేకుల కప్పు, సిమెంటు తొట్లు, అన్నీ వాళ్ళ ఖర్చే. ఈ వైపంతా కలిపి ఒక్క షెడ్డుకే సుమా. నాకు నువ్వైనా సరి, తిరువొత్తియూరులో తోళ్ళు పెట్టినవాడైనా సరి."

ఆయన పోయాక నేను పందిరి కప్పు వైపు చూశాను. మూల తాటాకు జారి ఆకాశం కనిపిస్తోంది. ఆ ఆర్డరు నాకు కావాలి. ఎంత కావాలో చెప్పడానికి మాటలు వెతకను. ఇటుక గోడ ఉంటే వానాకాలం సరుకు కుళ్ళదు. సరుకు కుళ్ళకపోతే నేనూ దేవరాజులూ ఒకరి దగ్గర చెయ్యి చాచకుండా బతుకుతాం. ఆయనన్న మాటల్లో నేను గట్టిగా పట్టుకున్నది మాత్రం ఏటా అన్న మాటను. దేవరాజులు పట్టుకున్నది దీపావళిలోపల అన్న మాటను.

మాకు ఉడుములు తెచ్చేది మాదయ్య. రెడ్‌హిల్స్ చెరువు కట్ట ఇవతల యానాదుల పాళెం వాడిది. పాళెం మొత్తానికీ పెద్ద. అట్లాగని పెద్దరికమేమీ ఉండదు. గోచీ, తలగుడ్డ, ఆ తలగుడ్డలో చుట్ట. వాడి పెళ్ళాం అమ్మాసి ఎప్పుడూ వెంటే ఉంటుంది, బేరం తప్పిపోకుండా. కోదండరాం వచ్చిపోయిన వారానికి ఇద్దరూ వచ్చారు. కాళ్ళు వీపు మీదికి విరిచి కట్టిన ఉడుములను కావడి కర్రకు వేలాడదీసుకుని తెచ్చారు.

దేవరాజులు టేపు తీసేసరికి మాదయ్య నోరు తెరిచాడు.

"ఇదేందయ్యా? ఉడుముకు చొక్కా కుట్టిస్తావా?"

"అంతకు ముందు నీకో చొక్కా కుట్టించమను," అంది అమ్మాసి. "చూసేవాళ్ళకు మేలు."

"ఈటి వెడల్పు చాలదు మాదయ్యా," అన్నాడు దేవరాజులు. "అన్నీ మగవే, పొడుగే గాని పొట్టేదీ? మొన్న నేను సైకిలు మీద వస్తా చూసినా, తాళ్ళ దిబ్బ కాడ. ఇంత లావుంది. నువ్వు ఆ పక్కనే పోతా దాన్ని వదిలేసినావు. కళ్ళు కనపళ్ళేదా?"

"ఆడ ముడి ఉంది గదయ్యా."

"ఏం ముడి?"

మాదయ్య కింద కూర్చుని చుట్ట ముట్టించాడు. చెప్పడం వాడికి సరదా. ఈ నెలల్లో ఆడ ఉడుము గుడ్లతో ఉంటుంది, గుడ్లు పెట్టడానికి చీమల పుట్ట వెతుక్కుంటుంది. తల్లి చేరిన పుట్టను మొదట చూసినవాడు పక్కనున్న తుప్పకు తాటాకు చీలికతో ఒక ముడి కట్టి వస్తాడు. ముడి ఉన్న పుట్ట మీద పాళెంలో ఎవరి గునపమూ పడదు, పిల్లలు బయటికి వచ్చేదాకా.

"దేవుడికి మొక్కుకుంటారా ఏంది?" అన్నాను.

"దేవుడి దాకా ఎందుకు పోవాలమ్మా? తల్లిని ఇప్పుడే తినేస్తే మళ్ళీ ఆడికెందుకు పోయేది?"

"ఆ మాట వాళ్ళ నాయన చెప్పినాడు," అంది అమ్మాసి. "మా నాయనైతే ఆకలేసినప్పుడు ముడి విప్పి జేబులో పెట్టుకునేటోడు."

"మీ నాయనకు జేబెక్కడిదే?"

అందరం నవ్వాం. ముడులు ఎంతదాకా ఉన్నాయని దేవరాజులు అడిగాడు. మాదయ్య చుట్టతోనే చెయ్యి తిప్పి చూపించాడు. "కట్ట పొడుగునా ఉండాయి. ఎండిన తాటాకు గదా, తెల్లగా ఆడతా దూరానికే తెలుస్తాయి." దేవరాజులు ఇంకా ఏమేమో అడిగాడు. నేను ఉప్పు బస్తాలు దించేవాడు వస్తే అటు వెళ్ళాను.

మరుసటి నెల, పురట్టాసిలో, ఒక పొద్దున ఒంటెద్దు బండి వచ్చి పందిరి ముందు ఆగింది. బండి వెనక దేవరాజులు సైకిలు దిగాడు. బండినిండా తోళ్ళే. వలిచి, పైపైన ఉప్పు చల్లి, గోనెల్లో కుక్కినవి. ఎవరు పట్టారంటే, పొన్నేరి రోడ్డు వేసే కూలీలని చెప్పాడు. గునపాలు వాళ్ళ చేతుల్లో ఉండనే ఉన్నాయి, సాయంత్రాలు ఖాళీ.

నేను ఒక తోలు తీసి బల్ల మీద పరిచాను. టేపు అవసరం లేకుండానే తెలుస్తోంది, పన్నెండు దాటింది. రెండోది తీశాను. అదీ అంతే. ఇన్నేళ్ళలో అట్లాంటి తోలు నాకు ఎప్పుడో ఒకటి దొరికేది. ఇప్పుడు గోనెలో చెయ్యి పెడితే ఒకటి తర్వాత ఒకటి వస్తోంది. నడుమ భాగాన్ని రెండు వేళ్ళతో నలిపి చూశాను. పొలుసుకూ పొలుసుకూ మధ్య చర్మం సాగిపోయి ఉంది. కడుపుతో ఉన్న మనిషి రవిక కుట్లు విచ్చుకున్నట్టు. వెలుతురుకు పట్టుకుంటే అవతల నా వేళ్ళ నీడ తెలిసింది. గోనె అడుగున, ఉప్పులో, తాటాకు చీలిక ఒకటి అంటుకుని ఉంది.

"అన్నీ తల్లులే," అన్నాను.

"తోలుకు తల్లీ తండ్రీ ఉంటారా వదినా? టేపు పెట్టు."

"ముడుల వెంబడి పొయ్యినావు."

"జెండాలు కట్టి దారి చూపించినారు. అవి వదిలేసి నేను కంపల్లో పడి కళ్ళు పోగొట్టుకోవాల్నా?"

"ఇవన్నీ ఇప్పుడే లాగేస్తే వచ్చే ఏడు ఏం అమ్ముతావురా?"

వాడు సైకిలు స్టాండు వేసి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. నాకు తెలియని సంగతేదో ఓపిగ్గా చెప్పేవాడిలా ఉన్నాడు.

"వచ్చే ఏడా? దీపావళికి ఆర్డరు తిరువొత్తియూరు వాడికి పోతే, వచ్చే ఏడు ఈడ ఉడుములుంటాయి, మనం ఉండం. అది సరేనా నీకు?"

బేరంలో ఎదుటివాడు సరిగ్గా మాట్లాడినప్పుడు ఒప్పుకోవడం నాకు అలవాటే. వాడన్నదీ నిజం, నేనన్నదీ నిజం. రెండూ ఒక పందిట్లో ఇమడవు. నేను నా పని నేను చేశాను. తోళ్ళన్నీ సాగిపోయి పలచబడ్డాయని, వెడల్పు ఎంతున్నా రెండో నంబరేనని విడిగా పేర్చాను. అది సాకు కాదు. ఏ తోలు వ్యాపారైనా చేత్తో పట్టుకుని చూస్తే ఆ మాటే అంటాడు. రెండో నంబరు ధరకైతే రోడ్డు కూలీలు గునపం ఎత్తరని కూడా నాకు తెలుసు.

దేవరాజులు ఎద్దును విప్పకుండానే గోనెలు మళ్ళీ బండికెక్కించాడు. "పెరియమేటకు పోతుండా. వస్తావా, ఉంటావా?" అన్నాడు. సరుకు నా పేరు మీద పోతుంది కాబట్టి నేనూ బండెక్కాను.

పెరియమేట్లో కోదండరాం గారి కొట్టు మేడ కింద ఉంటుంది. ఫ్యాను కింద కూర్చుని ఆయన తోళ్ళు ఒక్కొక్కటే కొలిచాడు. పక్కన గుమాస్తా ఒకటో నంబరు, ఒకటో నంబరు అని పాటలాగా అంటున్నాడు.

"నడుమ పట్టుకుని చూడండయ్యా," అన్నాను. "పలచన."

"సున్నంలో నానేసి రంగు కొట్టినాక మందం ఎవడు చూస్తాడు మేరమ్మా? పైన అద్దంలాగా మెరుగు పెడతారు. దొరసాని మొహం కనిపిస్తుంది అందులో."

"ఇవి గుడ్లతో ఉన్నవి. ఇట్లా కోసుకుంటా పోతే మీరు ఏటా అన్న ఆర్డరుకు సరుకు యాడనించి తెచ్చేది?"

ఆయన టేపు కింద పెట్టి నవ్వాడు. మంచి మనిషే. నాతో ఎప్పుడూ కటువుగా మాట్లాడలేదు.

"నీకు లోకం మాధవరంతో అయిపోతుంది. ఈ కట్ట అయితే నెల్లూరుంది. నెల్లూరైతే కడప. అదీ అయితే ఒరిస్సా ఉండనే ఉంది. కంపెనీకి ఉడుము కావాలి. అది నీ ఉడుమే కానక్కర్లేదు."

ఆయన కూర్చున్న చోటునుంచి చూస్తే నిజమే. నేను కూర్చున్న చోటు మాధవరం.

తిరుగు దారిలో దేవరాజులు బండి ఆపించి హల్వా పొట్లం కొన్నాడు. "కోపం చాలించు వదినా. అన్న ఉండుంటే సంతోషపడేటోడు." నేను తిన్నాను. కోపం వచ్చిందని తిండి మానే అలవాటు నాకు లేదు.

ఆపైన బండి ప్రతి వారమూ వచ్చింది. గోనెలు మా పందిట్లో దిగలేదు. నేరుగా పెరియమేటకే పోయేవి. నా పందిట్లోకి మాదయ్య తెచ్చే మగ ఉడుములు మాత్రం వచ్చేవి. ఒక వారం అవీ రాలేదు. మరుసటి వారం అమ్మాసి ఒక్కతే వచ్చి, లోపలికి రాకుండా పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.

"ఒకసారి వచ్చి చూసిపోతావా అమ్మా?"

వెళ్ళాను. చెప్పులు చేతిలో పట్టుకుని బురదలో నడిచాం. తాళ్ళ దిబ్బ దగ్గర మొదలుపెట్టి కట్ట దాకా పుట్టలన్నీ నడినెత్తినుంచి మొదలు దాకా చీల్చి ఉన్నాయి. తవ్విన గుంతల్లో వాననీళ్ళు నిలిచాయి. కొన్నిటి పక్కన గుడ్ల తొక్కలు, తడిసిన కాగితాల్లా నలిగి ఉన్నాయి. కూలీలకు తోలుతోనే పని. కాకులు మా రాకకు ఎగరలేదు, కొంచెం పక్కకు జరిగాయి.

"మాదయ్య ఏడీ?" అన్నాను.

"తాగి పడుకుండాడు. లేపితే లేయడు. పాళెంలో అందురూ ఆయన్నే అంటుండారు, నువ్వే గదా నోరు జారి చెప్పినావని. ముడులు కట్టిందీ ఈయన చెయ్యే, ఎక్కువ." అమ్మాసి ఒక తుప్ప దగ్గర ఆగి, కొమ్మకున్న ముడిని గోటితో గిల్లింది. "ఒకటి చెప్పమ్మా. నీకు బేరం తెలుసు, లోకం తెలుసు. ఇప్పుడు ముడి కట్టాల్నా, వద్దా? కడితే వాళ్ళొచ్చి తవ్వుతారు. కట్టకపోతే తెలీక మా వాళ్ళే తవ్వుతారు."

"కట్టొద్దు."

"అయితే మా వాళ్ళకెట్టా తెలిసేది?"

నేను కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ దగ్గరకు వెళ్ళాను.

ఆరోజు దేవరాజులు అన్నానికి కూర్చున్నప్పుడు కూలీలను మానిపించమన్నాను. జాలి మాట ఎత్తలేదు. సగం పుట్టలైనా వదిలితే ఆర్డరు మూడేళ్ళు నిలబడుతుందని, లేకపోతే ఈ ఏడుతో సరి అని చెప్పాను. వాడు పులుసు కలుపుకుంటూ విన్నాడు.

"నేను మానిపిస్తే వాళ్ళు మానుతారా వదినా? తిరువొత్తియూరు వాడి మనిషి రోజూ వాళ్ళ గుడిసెల కాడ బీడీలు పంచుతుండాడు. నేను రేపు పోకపోతే ఎల్లుండి గోనెలు వాడివి."

అదీ నిజమే. ఆ ఏడు ఎవరు మాట్లాడినా నిజమే మాట్లాడారు.

దీపావళికి రెండు రోజుల ముందు ఆర్డరు మాకే వచ్చింది. కోదండరాం గారు లారీలో ఇటుకలు, రేకులు పంపాడు. దేవరాజులు వీధి చివర దాకా టపాకాయలు పేల్చాడు. చర్చిలో నాకంటే ముందు వరసల్లో కూర్చునేవాళ్ళు వచ్చి ఇటుకలు చేత్తో తట్టి చూసి, మంచి కాల్పు అని మెచ్చుకున్నారు. నాకూ సంతోషమే అయింది. కాలేదంటే అబద్ధం.

అటు తర్వాత పెద్ద వానలు. అవి వెలిసేసరికి బండి రావడం మానేసింది. కూలీలు రోడ్డుతో పాటు గుమ్మిడిపూండి దాటిపోయారు. వాళ్ళ వెనకే దేవరాజులు సైకిలు మీద తడ దాకా పోయి వచ్చాడు. తెచ్చిన తోళ్ళు అరచేయంత ఉన్నాయి, ఒకప్పుడు తలల లెక్క ఉన్న రోజుల్లోనే మేం వద్దన్నంత సన్నవి. వాటిని వాడు బల్ల మీద పరచలేదు. గోనెలోంచి తీయకుండా పక్కన పెట్టాడు.

రెండు రోజులకు పెరియమేట నుంచి మనిషి వచ్చి, రేటు పెరిగిందని చెప్పిపోయాడు. ఎక్కడా సరుకు లేదు, అందుకని.

"రేటు పెరిగింది వదినా!" అన్నాడు దేవరాజులు. చాలా రోజులకు వాడి మొహంలో వెలుగొచ్చింది. "నెల్లూరు పోదాం. ఆడ, కండలేరు పక్కన, పుట్టలు మనిషెత్తున ఉంటాయంట. వానలకు ఈడ గోడే లేవలేదు, షెడ్డు ఆడ వేసుకుందాం. ఈడ ఏముంది?"

"ఆడ అయిపోయినాక?"

"కడప."

ఆ మాట వాడిది కాదు, కోదండరాం గారిది. కానీ వాడి నోట్లో అప్పటికే బాగా కుదురుకుంది. నేను రానన్నాను. ఎందుకని అడిగాడు. మాటిమాటికీ పందిరి మోసుకు తిరిగే ఓపిక నాకు లేదన్నాను. కత్తులు పంచుకున్నాం. పదునువి వాడికిచ్చాను, ఊరు కాని ఊళ్ళో సాన పట్టేవాడు దొరుకుతాడో లేదో అని. చద్దన్నం, నంజుకోవడానికి వేయించిన ఎండుచేపలు కట్టిచ్చాను. వాడు సైకిలు వెనక మూట కట్టుకుంటూ, "నెలలో వచ్చి పోతాలే," అన్నాడు. సందు మలుపు తిరిగేదాకా బెల్లు మోగిస్తూనే ఉన్నాడు. తను తిరిగి చూడడం లేదని నాకు తట్టకుండా ఉండాలనేమో.

మార్గళి నెలలో, చలి మొదలైనప్పుడు, మాదయ్య వచ్చాడు. అమ్మాసి వెనక ఉంది. ఈసారి కావడి లేదు. భుజం మీద ఒకే ఒక ఉడుము. కాళ్ళు వీపు మీద కట్టి ఉన్నాయి. పొట్ట రెండు వైపులా వేలాడుతోంది. అంత పెద్దదాన్ని ప్రాణంతో చూడడం నాకు అదే మొదలు. కాలం తప్పి గుడ్లతో ఉంది, లేదా అంతకు ముందు పెట్టనిచ్చే చోటు దానికి దొరకలేదు.

మాదయ్య దాన్ని బల్ల మీద పెట్టి ధర చెప్పకుండా నిలబడ్డాడు. వాడు ధర చెప్పకపోవడమూ, నేను సగానికి అడగకపోవడమూ అంతకు ముందు ఎన్నడూ లేదు.

"నువ్వు తెచ్చినావేంది?" అన్నాను.

"నిన్న ఇద్దురు ఆ తుప్ప చుట్టూరా తిరుగుతుండారు. ఎవురో తెలీదు. గునపాలుండాయి చేతుల్లో." తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "వాళ్ళు తినే కూడేదో నా పిల్లోళ్ళు తింటారని తెచ్చినా."

"ఇంకా ఉండాయా ఆడ?"

"లేవు."

ఉడుము నాలుక బయటపెట్టి బల్ల మీది ఉప్పును తాకింది. నేను లెక్క వేసుకున్నాను. ఇది చచ్చి నాకు తెచ్చేది ఒక్క తోలు. బతికితే రాబోయే ఏళ్ళలో ఏం తెస్తుందో చెప్పడం కష్టం. కానీ ఏదో ఒకటి తెస్తుంది. లెక్క ప్రకారం చూసినా బతకడమే లాభం.

"డబ్బు నేనిస్తా మాదయ్యా. తీసకపొయ్యి వదిలెయ్యి."

మాదయ్య అమ్మాసి వైపు చూశాడు. అమ్మాసి నా వైపు చూసింది.

"యాడ వదలాలమ్మా?" అన్నాడు వాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. "చోటు చెప్పు. ఆడికి తీసకపొయ్యి వదుల్తా."

ఆలోచించాను. కట్ట దగ్గర గునపాలు తిరుగుతున్నాయి. ఎన్నూరు వైపు మోటారు ఫ్యాక్టరీ వాళ్ళు నేల చదును చేస్తున్నారు. తిరువొత్తియూరు వైపైతే నా పోటీదారుడే ఉన్నాడు. మాధవరం తోటల్లో కాపలావాళ్ళందరికీ ఇప్పుడు రేటు తెలుసు. పొన్నేరి రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. నా ఎరుకలో ఉన్న ప్రతి చోటుకూ మనసులోనే వెళ్ళి, దాన్ని దించలేక తిరిగి వచ్చాను. మాదయ్య ఓపిగ్గా నిలబడే ఉన్నాడు.

చివరికి పెట్టె తెరిచి, పెరియమేట్లో దానికి ఎంత వస్తుందో అంతా వాడి చేతిలో పెట్టాను. నాకేమీ మిగుల్చుకోలేదు. అది దయ కాదు, దాని మీద లాభం తీసుకుంటే ఏ ఖాతాలో వేసుకోవాలో నాకు తెలియలేదు.

వలిచింది నేనే. గుడ్లు తొక్క గట్టిపడి, పెట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. అమ్మాసి అడక్కుండానే కొంగు పట్టింది. నేను వాటిని అందులో పోశాను. వండుకోవడానికా, ఎక్కడన్నా పూడ్చడానికా అని నేను అడగలేదు. వాళ్ళు పోతుంటే మాదయ్య చెప్పాడు, రేపటినుంచి ఎన్నూరులో మట్టి మోసే పనికి పోతున్నానని.

తోలు ఆరాక నేనే బస్సులో పెరియమేటకు తీసుకువెళ్ళాను. కోదండరాం గారు దాన్ని పరిచి, టేపు లాగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ లాగాడు. గుమాస్తాను పిలిచాడు. పక్క కొట్టువాళ్ళు కూడా వచ్చి చూశారు. అట్లాంటి వెడల్పు ఆ వీధిలో ఎవరూ చూడలేదట.

"ఇట్లాంటివి ఇంకెన్ని ఉండాయి మేరమ్మా?"

"లేవయ్యా."

ఆయన రేటు చెప్పాడు. ఆ రేటు నేను నా జీవితంలో వినలేదు.

"లేవయ్యా," అన్నాను.

ఆయన నవ్వి గుమాస్తా వైపు చూశాడు. ఈమె దగ్గర బేరం నేర్చుకోవాలి అన్నట్టు. కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు. ఆ కొట్లో నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. మజ్జిగ తెమ్మని మనిషిని పంపాడు. తర్వాత ముందుకు వంగి, ఇంకా పెంచి చెప్పాడు.

నేను మళ్ళీ లేవన్నాను. ఆయన మళ్ళీ పెంచాడు.